హాలు ఎష్టు?

బెంగళూరులో కాపురం పెట్టిన మూడో రోజు. అక్షరాలు మనవాటిలాగే ఉన్నాయి కదా, కన్నడం సగం వచ్చేసినట్టేనని ధీమాగా ఉన్నాను. 'ఎష్టు' అంటే 'ఎంత' అని ఆటోవాళ్ల దగ్గర అప్పటికే నేర్చుకున్నాను, డబ్బులు కట్టి మరీ.

సాయంత్రం ఓ కుర్రాడు తలుపు కొట్టాడు. చేతిలో చిన్న పుస్తకం, చెవి మీద పెన్ను.

"సార్, హాలు ఎష్టు బేకు?"

కర్టెన్ల కొట్టువాళ్లు కొలతలకి మనిషిని పంపుతామన్నారు. ఇతనే కాబోలు అనుకున్నాను.

"పన్నెండు బై పద్నాలుగు."

"హన్నెరడా?" కళ్లు పెద్దవి చేశాడు. "ఫంక్షనా సార్?"

"అబ్బే, ఉండేది మేమిద్దరమే. అటువైపు పద్నాలుగు, అది కూడా రాసుకో."

"హన్నెరడు సాకు సార్."

"ఇందులో సాకేముందయ్యా? అనుమానముంటే టేపు పెట్టి చూసుకో!"

కుర్రాడు నన్నోసారి ఎగాదిగా చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున గుమ్మంలో 12 ప్యాకెట్లు. ఒక్కోటి అర లీటరు. అన్ని పాల మధ్య నిలబడి కూడా ఏం చేయాలో పాలుపోలేదు.

పైవాటా మాస్టారు రెండు ప్యాకెట్లు పుచ్చుకుని, బదులుగా పాఠం చెప్పారు. కన్నడంలో 'హాలు' అంటే పాలు. పాత కన్నడంలో వాళ్లవీ పాలేనట. సుమారు 10వ శతాబ్దం నుంచి మాట మొదట్లో 'ప' మెల్లగా 'హ'లోకి జారింది. మన పులి అక్కడ హులి, పాము హావు, పల్లె హళ్ళి, పన్నెండు హన్నెరడు. అంటే నేను చెప్పినదాంట్లో ఆ కుర్రాడికి బాగా అర్థమైంది సరిగ్గా ఆ అంకే! మనం సోఫా వేసుకునే హాలు మాత్రం ఇంగ్లీషుది, పాత జర్మానిక్ మాట. ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు, మా గుమ్మం దగ్గర ఎదురుపడ్డాయంతే. 'ళ' పెట్టి 'హాళు' అంటే పాడైపోవడమట. ఫ్రిజ్‌లో పట్టని నాలుగు ప్యాకెట్లు మధ్యాహ్నానికల్లా ఆ అర్థంలోకి కూడా వెళ్లిపోయాయి.

'బేకు' అంటే 'కావాలి', 'సాకు' అంటే 'చాలు' అని కూడా ఆయనే చెప్పారు.

తెల్లారి కుర్రాడు మళ్లీ సంచీతో ప్రత్యక్షం. తలుపు తీస్తూనే అరిచాను: "సాకు! సాకు!"

వంటింట్లోంచి మా ఆవిడ: "సాకులు తర్వాత చెబుదురుగాని, ముందొచ్చి ఈ కోవా కలపండి."