సవరణ: హడ్సన్ నదిపై దిగిన విమానం గురించి

2009 జనవరి 15న న్యూయార్క్‌లో కెనడా బాతులు తగిలి రెండు ఇంజన్ల శక్తినీ కోల్పోయిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం, తాను బయలుదేరిన లాగార్డియా విమానాశ్రయానికి తిరిగి చేరగలిగేదని సిమ్యులేటర్ (విమానం నడపడాన్ని నేలపైనే అనుకరించే యంత్రం) పరీక్షల్లో తేలినట్లు, చెన్నై తెలుగువారి కోసం రాసిన గత వ్యాసంలో పేర్కొన్నాము. దాన్ని బట్టి ఆ విమానాన్ని నడిపిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ అనవసరంగా హడ్సన్ నదిని ఎంచుకున్నారని కొందరు పాఠకులు భావించినందున ఈ వివరణ ఇస్తున్నాము. ఆ పరీక్షల్లో సఫలమైన పైలట్లు పక్షులు తగిలిన మరుక్షణమే విమానాన్ని మళ్లించారు. ఏం జరిగిందో గ్రహించి నిర్ణయం తీసుకునేందుకు 35 సెకన్ల వ్యవధిని కలిపి చూసినప్పుడు విమానం రన్‌వేను చేరలేకపోయింది. ప్రశ్నపత్రం ముందే చూసినవారికి జవాబు సులువే కదా. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి కూడా నదిపై దిగాలన్న నిర్ణయాన్ని సమర్థించింది.

విమానంలోని 155 మందీ లైఫ్ జాకెట్ల వల్లే బతికారన్న వాక్యాన్ని తొలగిస్తున్నాము. చాలామంది అవి లేకుండానే బయటికి వచ్చి రెక్కల మీద నిలబడగా, నిమిషాల్లోనే చేరుకున్న ఫెర్రీలు వారిని ఎక్కించుకున్నాయి.

చెన్నైలోని మీనంబాక్కం విమానాశ్రయ రన్‌వే ఒకటి అడయారు నదిపై వంతెన మీదుగా సాగుతుంది కాబట్టి ఇక్కడా నదిపై దిగడం సాధ్యమేనా అని అడిగినవారికి: అడయారుకు హడ్సన్ వెడల్పు లేదు.