నీట్ రాయవలసింది నాన్నలే

డాక్టరు చదువు ప్రవేశ పరీక్ష నీట్ విషయంలో, దాన్ని నిర్వహించే జాతీయ పరీక్షల సంస్థ మొదటి నుంచీ ఒక మౌలికమైన పొరపాటు చేస్తోంది. హాల్ టికెట్టును విద్యార్థి పేరిట ఇస్తోంది. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు అభ్యర్థి నాన్నగారు. పిల్లవాడు ఆయన తరఫున ఓఎంఆర్ షీటులో సున్నాలు దిద్దే గుమాస్తా మాత్రమే.

నాన్నగారి సన్నద్ధత సామాన్యమైనది కాదు. కొడుకు ఆరో తరగతిలో చేరిన నాడే ఊళ్లో ఆయన 'డాక్టరు గారి నాన్న' అయిపోతారు. ఆపైన ఆస్తి కొలతలు మారిపోతాయి. కోవూరు వైపు వరి ఎకరాలు, సముద్రం దగ్గర రొయ్యల గుంటలు, కందుకూరు వైపు పొగాకును ఆరబెట్టే బ్యారన్లు... అన్నిటినీ సీట్లలోకి మార్చి చెప్పగలరు. కిలోకు వంద తూగే వంద కౌంటు రొయ్య ధర పడిపోయిన రోజున ఇంట్లో బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంటు కోటా సీటు గురించి ఎవరూ మాట్లాడరు.

సిలబస్ కూడా ఆయనదే పెద్దది. కొడుక్కి జీవశాస్త్రంలో క్రెబ్స్ వలయం సగంలో తెగిపోతుంది. నాన్నగారికి కన్వీనర్ కోటా, ఎన్నారైల సీ కేటగిరీ, మిగిలిన సీట్లకు జరిపే మాప్ అప్ రౌండు, నిరుడు ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందన్నదీ కంఠోపాఠం. 2024లో 24 లక్షల మంది దరఖాస్తు చేస్తే మొదటి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. వివాదం కోర్టుకెక్కాక ఆ సంఖ్య 17కు దిగింది. ఫుల్ మార్కులు వచ్చినా ఢిల్లీ ఎయిమ్స్‌లో సీటు దక్కదేమోనని ఆ రోజుల్లో మా వీధి నాన్నలు తెగ మథనపడ్డారు. వాళ్ల పిల్లలకు వచ్చింది నాలుగు వందల చిల్లర.

పరీక్ష రోజు సంగతి వేరే చెప్పాలి. బూట్లు కూడదు, పొడుగు చేతుల చొక్కా కూడదు. బూట్లతో వచ్చిన కొడుక్కి తన చెప్పులు విప్పి ఇచ్చి, మే నెల ఒంగోలు ఎండలో వట్టి కాళ్లతో గేటు బయట నిలబడ్డ నాన్నకు కనీసం పది మార్కులు కలపాలని నా వినతి. 2024లో కొందరికి గ్రేసు మార్కులు కలిపిన ఆ సంస్థకు ఇది కొత్తేమీ కాదు.

సీటు వచ్చాక కొడుకు చేసేది నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, అంతే. శవాల గదిలో ఫార్మలిన్ వాసనకు వాడు అన్నం మానేసిన వారంలోనే బంధువుల షుగరు రిపోర్టులు వాడి ఫోనుకు చేరుతాయి. పంపేది ఎవరో చెప్పనక్కరలేదు.

తరువాత పీజీ. 2023లో పీజీ నీట్ అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించారు, అంటే పరీక్ష రాసిన వారందరూ అర్హులే. ఇక చింత లేదని నాన్నలు అనుకునేలోపే తెలిసింది, సున్నా అర్హతకే. సీటుకు ఆ సున్నా ముందు ఏ అంకె ఉండాలో, వెనక ఇంకెన్ని సున్నాలు చేరాలో కాలేజీ వారు చెబుతారు.

కాబట్టి వచ్చే ఏడాది నుంచి నాన్నలకే పరీక్ష పెట్టాలి. 180 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. భూమి, వడ్డీ, కౌన్సెలింగ్ విభాగాల్లో మన జిల్లాలకు తిరుగుండదు. 'మీ అబ్బాయికి ఏమి చదవాలని ఉంది?' అన్న ప్రశ్న ఒక్కటి రావచ్చు. కోత భయంతో దాన్ని అందరూ వదిలేస్తారు కనుక ర్యాంకుల్లో తేడా ఏమీ రాదు.