మార్చి సంతకానికి జూన్‌లో గండి (1946 జూన్ నాటి సంపాదకీయం)

ఫ్రాన్స్‌తో మాట్లాడటానికి వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ 1946 మే 31న హనోయ్ నుంచి విమానమెక్కారు. మర్నాడే సైగాన్‌లో ఫ్రెంచి హైకమిషనర్ అడ్మిరల్ దార్జాన్లియూ 'కొచ్చిన్‌చైనా రిపబ్లిక్' పేరుతో ఒక కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టారు. చర్చలకు పిలిచిన మనిషి దారిలో ఉండగానే ఆయన దేశాన్ని ముక్క చేశారు. దీన్ని దౌత్యం అనడానికి మాకు నోరు రావడం లేదు.

మార్చి 6న హోతో చేసుకున్న ఒప్పందంలో ఫ్రాన్స్ ఏం రాసిచ్చింది? సొంత ప్రభుత్వం, పార్లమెంటు, సైన్యం, ఖజానా ఉన్న స్వేచ్ఛా రాజ్యంగా వియత్నాంను గుర్తించింది. ఉత్తరాన టోంకిన్, నడుమ అన్నాం, దక్షిణాన కొచ్చిన్‌చైనా, ఈ మూడు భాగాలూ ఒకటి కావాలా వద్దా అన్నది ప్రజల ఓటుతో తేలుస్తానంది, ఆ తీర్పుకు కట్టుబడతానంది. బదులుగా హో 15 వేల మంది ఫ్రెంచి సైనికులను ఉత్తరాదికి రానిచ్చారు. స్వాతంత్ర్యం ప్రకటించిన ఆరు నెలలకే పరాయి సైన్యానికి తలుపు తీశారన్న నింద మోశారు. ఫ్రాన్స్ తనకు రావలసింది మార్చిలోనే పుచ్చుకుంది, సైన్యం హనోయ్‌లో దిగింది. ఇస్తానన్న ఓటు సంగతి మాత్రం మరిచిపోయింది.

కొచ్చిన్‌చైనా మొదటి నుంచీ తమ వలసేననీ, మిగతా రెండింటిలా రక్షిత రాజ్యం కాదనీ, అక్కడివాళ్లే వేరుగా ఉంటామంటున్నారనీ సైగాన్ అధికారుల వాదన. అయితే ఓటు పెట్టడానికి భయమెందుకు? అధికారులు ఏరుకున్న సలహామండలి కోరితే ప్రజలు కోరినట్టా? వరి, రబ్బరు పండే ఆ నేల చేజారకూడదు, అసలు సంగతి అదే. పారిస్ ఎన్నికల హడావుడిలో ఉండి గమనించలేదనే అనుకుందాం. తెలిశాకైనా రద్దు చేయలేదేం?

ఫ్రాన్స్ నాలుగేళ్లు జర్మన్ బూటుకాళ్ల కింద నలిగిన దేశం. శత్రువు నీడన విషీ పట్టణంలో నడిచిన ప్రభుత్వం తమది కాదని లోకానికి చాటిన పక్షంలో ఈ అడ్మిరల్ కూడా ఒకరు. అప్పుడు తన దేశంలో చెల్లదన్న పనినే ఇప్పుడు సైగాన్‌లో తన చేత్తో చేశారు.

ఈ పాపంలో బ్రిటన్‌కూ వాటా ఉంది. 1945 సెప్టెంబరులో జపాన్ సేనల ఆయుధాలు తీసుకోవడానికని సైగాన్ వెళ్లిన జనరల్ గ్రేసీ చేతి కింద ఉన్నది 20వ భారత డివిజన్. చెరలో ఉన్న ఫ్రెంచి సైనికులకు ఆయన తుపాకులిచ్చారు. 23న వాళ్లు నగరంలో ప్రభుత్వ భవనాలను ఆక్రమిస్తుంటే అడ్డుకోలేదు. తిరగబడిన వియత్నామీయుల మీదికి ఓడిపోయిన జపాన్ సైనికులతో పాటు మన సిపాయిలనూ తోలారు. మన మాట ఎవరూ అడగలేదు.

అందుకే ఇది ఎక్కడో దూరదేశపు గొడవ కాదంటున్నాం. మన స్వాతంత్ర్యం సంగతి తేల్చడానికి బ్రిటన్ పంపిన కేబినెట్ మిషన్ మే 16న చేసిన ప్రకటన మీద ఢిల్లీలో తర్జనభర్జనలు సాగుతున్నాయి. మనకూ చేతికొచ్చేది ఒక కాగితం, దాని కింద ఒక సంతకం. ఫ్రాన్స్ పెట్టిన సంతకాన్ని సైగాన్‌లో కూర్చున్న ఒక అధికారి చెరిపేయగలిగితే, రేపు లండన్ పెట్టే సంతకాన్ని ఇక్కడి ఏ లాటుసాహెబో చెరిపేయడని ఎవరు హామీ? ఇండోనేషియాలో డచ్చివాళ్లు ఈ పాఠం శ్రద్ధగా చదువుకుంటూ ఉంటారు. ఒక్కచోట చెల్లితే అన్నిచోట్లా చెల్లుతుంది.

పారిస్ పెద్దలు ముందు ఆ అడ్మిరల్‌ను వెనక్కి పిలవాలి. ఓటుకు తేదీ ప్రకటించాలి. ఆ తర్వాతే హో చి మిన్‌ను చర్చలకు కూర్చోమనాలి. అంత చేతకాకపోతే ఆ 15 వేల మందినీ ఓడలెక్కించి ఇంటికి తీసుకుపోండి. సంతకం అక్కర్లేదన్నవాళ్లకు ఆ సంతకం తెచ్చిపెట్టిన లాభం మాత్రం ఎందుకు?