యూరప్‌లో వృద్ధుల భారమంతా ప్రభుత్వానిదేనా?

“యూరప్‌లో కన్నవాళ్లను పిల్లలు చూడరు, వయసు మీద పడగానే అందరినీ ప్రభుత్వమే వృద్ధాశ్రమాల్లో చేర్చి ఉచితంగా పోషిస్తుంది” అనే సందేశం వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. కొందరు ఆ దేశాలను మెచ్చుకోవడానికి దీన్ని పంపుతారు, కొందరు తిట్టిపోయడానికి పంపుతారు.

అందరూ ఆశ్రమాల్లోనే ఉంటారన్న మాట మొదట తేలిపోతుంది. జర్మనీలో 2023 చివరికి సంరక్షణ అవసరమని అధికారికంగా గుర్తించిన సుమారు 57 లక్షల మందిలో 86 శాతం మంది ఇళ్లలోనే ఉన్నారు, వారిలోనూ ఎక్కువమందిని ప్రధానంగా కుటుంబసభ్యులే చూసుకుంటున్నారు. 1995లో మొదలైన అక్కడి సంరక్షణ బీమా కూడా ఈ పద్ధతికి ఊతమిచ్చేదే. దరఖాస్తు పెట్టుకున్నాక పరిశీలకులు ఇంటికి వచ్చి, మంచం దిగగలరా, స్నానం ఎవరు చేయిస్తున్నారు, మందులు వేళకు వేసుకోగలరా, మతిమరుపు ఎంతవరకు వచ్చింది అని ఒక్కొక్కటీ చూసి పాయింట్లు వేస్తారు. 27 పాయింట్లు వస్తే రెండో శ్రేణి. ఇంట్లోవాళ్లే చూసుకునే పక్షంలో 2025 నుంచి ఆ శ్రేణికి నెలకు 347 యూరోలు, అన్నిటికన్నా తీవ్రమైన ఐదో శ్రేణికి 990 యూరోలు చెల్లిస్తున్నారు.

ఉచితం అన్నది అంతకన్నా పెద్ద అపోహ. ఆశ్రమంలో చేరితే జర్మన్ బీమా ఖర్చులో కొంత భాగమే భరిస్తుంది. గది అద్దె, భోజనం, మిగతా సంరక్షణ ఖర్చు కలిపి నివాసి చేతి నుంచి పడేది సగటున నెలకు రెండున్నర వేల యూరోలు ఎప్పుడో దాటింది. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకు మించి ఆస్తి ఉన్నవారు సాధారణంగా మొత్తం ఖర్చు తామే పెట్టుకోవాలి, పైగా 2010 నుంచి ఆ పరిమితి కదలనే లేదు. సరిహద్దు దాటి స్కాట్లండ్‌కు వెళితే, 65 ఏళ్లు పైబడినవారికి వ్యక్తిగత సంరక్షణ 2002 నుంచే ఉచితం. ఒకే రాజ్యంలో రెండు పద్ధతులుంటే “యూరప్‌లో ఇలా ఉంటుంది” అని ఏ లెక్కన అంటాం?

పిల్లలకు బాధ్యత లేదన్నదీ నిజం కాదు. ఫ్రాన్స్ పౌరస్మృతి 205వ అధికరణం, అవసరంలో ఉన్న తల్లిదండ్రుల పోషణను పిల్లల విధిగా పేర్కొంటుంది. జర్మనీలోనూ అలాంటి బాధ్యత ఉంది, కాకపోతే సాంఘిక సహాయ శాఖ ఆ ఖర్చును పిల్లల నుంచి రాబట్టేది 2020 నుంచి ఏడాదికి లక్ష యూరోలకు పైగా సంపాదిస్తున్న వారి దగ్గరే. మన 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం వెనకున్న ఆలోచనా ఇదే.

ఇటలీది వేరే దారి. 1980 నుంచి ప్రభుత్వం ఇచ్చే సహాయక భత్యం నేరుగా నగదే, దేనికి ఖర్చు పెట్టారో ఎవరూ అడగరు. దానికి సొంత డబ్బు కలిపి చాలా కుటుంబాలు ఉక్రెయిన్, రొమేనియా, మోల్డోవాల నుంచి వచ్చిన స్త్రీలను ఇంట్లోనే ఉంచుకుని పెద్దల బాగోగులు వారికి అప్పగిస్తున్నాయి. అక్కడి సంరక్షణ భారంలో పెద్ద పాలు మోస్తున్నది ప్రభుత్వం కాదు, వీళ్లే.

ఆ సందేశానికి కొంతైనా దగ్గరగా వచ్చేది డెన్మార్క్. అక్కడ దీర్ఘకాలం అవసరమయ్యే ఇంటి సహాయాన్ని పురపాలికలు ఉచితంగా అందిస్తాయి. అయితే ఆ దేశమే 1987లో పాత తరహా వృద్ధాశ్రమాలను కొత్తగా కట్టడం ఆపేసి ఇంటి సంరక్షణ వైపు మళ్లింది, సంరక్షణ గృహాల్లో ఉంటున్నవారు కూడా గదికి అద్దె చెల్లిస్తారు.