దక్షిణం గుమ్మం వద్దంటాం, ఓసీ లేకపోయినా సర్దుకుపోతాం

హైదరాబాద్‌లో పెట్టుబడి కోసం ఇల్లు కొనేవాడు ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు. కోటి రూపాయలు పట్టుకుని కోకాపేట వెళ్తే కొత్త త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటు రాదు, అది వచ్చే చోట మెట్రో ఉండదు, మెట్రో ఉన్నచోట బిల్డింగ్ పాతదై ఉంటుంది. ఇదంతా అందరికీ తెలిసిందే. నా గొడవల్లా ఎక్కడ రాజీ పడుతున్నాం అన్నదాని మీదే. మనవాళ్లు ఫేసింగ్ దగ్గర, ఫ్లోర్ దగ్గర, బిల్డింగ్ వయసు దగ్గర ససేమిరా అంటారు. అదే మనిషి ఓసీ, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారని కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లేదని తెలిస్తే "ఈ ఊళ్లో ఎన్నింటికి ఉంది లెండి" అని తనే బిల్డర్ తరఫున సర్దిచెబుతాడు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌ని ఫీజు కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే స్కీమ్) పెండింగా, వచ్చేస్తుందిలే. పక్కనే చెరువా, అయితే లేక్ వ్యూ అన్నమాట.

ముందు ఫేసింగ్ సంగతి తేల్చేద్దాం. నిజాంపేటలోనో ప్రగతినగర్‌లోనో ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. తూర్పు గుమ్మం ఉన్నది 60 లక్షలు, దక్షిణం గుమ్మం ఉన్నది ఎవరూ తీసుకోక బేరంలో 54 లక్షలకి దిగింది. రెండింటికీ నెలకి 18 వేలే అద్దె. మొదటిదాని మీద ఏడాదికి 3.6 శాతం రాబడి, రెండోదాని మీద 4 శాతం. ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఆ ఆరు లక్షలు 8 శాతం వడ్డీకి తెచ్చిన హోమ్ లోన్ డబ్బు అయితే ఏడాదికి 48 వేలు, అంటే నెలకి నాలుగు వేలు. మీరు ఉండని ఇంట్లో, మీకు ముక్కూమొహం తెలియని కుటుంబం మీద పొద్దున్నే సూర్యుడు పడటానికి మీ జేబులోంచి నెలనెలా నాలుగు వేలు కడుతున్నారు. వాస్తు మీద మీ నమ్మకం మీది, మీరుండే ఇంటికి ఎంతైనా పెట్టుకోండి. అద్దెకిచ్చే ఇంటికి ఎందుకు?

అద్దెకి దిగేవాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు పక్కన నిలబడి వింటే చాలు, కొనాల్సినది ఏదో అర్థమైపోతుంది. వచ్చీరాగానే వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుతారు. మంజీరా పైపు నీళ్లా బోరా, ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలిపే తీసుకుంటారా, విడిగా వసూలు చేస్తారా? తర్వాత కిందకి దిగి పార్కింగ్ చూస్తారు. పిల్లర్ అడ్డొచ్చి కారు డోరు సగమే తెరుచుకుంటుందని తేలిందంటే వెయ్యో రెండు వేలో తగ్గించమంటారు. స్కూల్ బస్సు గేటు దాకా వస్తుందా, లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా అని అడుగుతారు. గుమ్మం ఎటుందని అడిగేవాళ్లూ ఉంటారు, లేరనను, కానీ ఆఫీసు పావుగంట దూరమైతే ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో 8 శాతం పోయినట్టే కాబట్టి, రాజీ పడకూడనిది నీళ్ల దగ్గర, పార్కింగ్ దగ్గర. ఇవేవీ బ్రోచర్‌లో ఉండవు, అక్కడ స్విమ్మింగ్ పూల్ ఉంటుంది.

పాత బిల్డింగ్ అంటే మొహం చిట్లించడం కూడా అలాంటిదే. గోడలకి, టైల్స్‌కి విలువ ఏటా తగ్గుతుంది, పెరిగేది భూమికే. ఎస్సార్ నగర్‌లోనో అమీర్‌పేటలోనో తొంభైల్లో కట్టిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మీ పేరున వచ్చే యూడీఎస్ గజాలు, అంటే భూమిలో మీ వాటా, ముప్పై అంతస్తుల కొత్త టవర్‌లో ఊహకే అందవు. బ్యాంకు పాత బిల్డింగ్‌కి లోన్ తగ్గించి ఇస్తుంది, లిఫ్ట్ మొరాయిస్తుంది, అసోసియేషన్ మీటింగుల్లో అరుపులుంటాయి. రాజీ పడాల్సినవి ఇవే, ఇవి సెలవు రోజు పాడుచేస్తాయి తప్ప ఆస్తిని కాదు.

"రేపు అమ్మాలంటే ఎవరు కొంటారు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దక్షిణం గుమ్మం ఫ్లాటు అమ్ముడుపోవడానికి మూణ్నెల్లు ఎక్కువ పట్టొచ్చు, ధర కూడా తగ్గించాల్సి రావొచ్చు. కానీ కొన్నప్పుడూ తక్కువకే కదా కొన్నారు. అర్జెంటుగా అమ్ముకునే పరిస్థితి ఉన్నవాళ్లు అసలు ఫ్లాట్ల జోలికే రాకూడదు.

కాగితాల దగ్గరికొస్తే కథ వేరు. కార్పొరేషన్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే ఏరియాలో 10 శాతం బిల్డర్ చేత తన పేరున మార్ట్‌గేజ్ (తాకట్టు) చేయించుకుంటుంది, ఓసీ ఇచ్చాకే విడుదల చేస్తుంది. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ 10 శాతంలోదా అని ఎప్పుడైనా అడిగారా? రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా చట్టం వచ్చింది 2016లో. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టుని అమ్మడం సంగతి అలా ఉంచి, అసలు ప్రకటనే ఇవ్వకూడదు. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి డబ్బు తీసుకోకూడదు. అయినా అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్ ఆఫర్ అనగానే మొత్తం డబ్బు ఒకేసారి కట్టేసి, చేతిలో ఓ కాగితం ముక్కతో ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఎంతమంది! చదరపు అడుగుకి రెండు వేలు తగ్గిందన్న సంతోషంలో అడగాల్సింది అడగరు. చెరువుల సంగతి 2024 జులైలో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కదా జనానికి తెలిసింది. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ అన్న రూలు అంతకు చాలా ముందునుంచే ఉంది. బుల్‌డోజర్ వచ్చేదాకా అది ఎవరికీ పట్టలేదు.

మరి ఇంత తెలివైన జనం, టమాటాలు కిలోకి ఐదు రూపాయల దగ్గర బేరమాడే జనం, కాగితాల దగ్గర ఎందుకింత ఉదారంగా ఉంటారు? నా జవాబు సూటిగా చెప్తా. ప్రభుత్వాలే నేర్పాయి. 2007లో రెగ్యులరైజేషన్, 2015లో మళ్లీ, 2020లో ఇంకోసారి ఎల్‌ఆర్‌ఎస్. ఆ చివరిదానికి 25 లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి, ఒక్క రాష్ట్రంలో! అవి ఏళ్ల తరబడి మూలుగుతుంటే 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి ఫీజు కట్టమన్నారు. అంతటితో ఆగారా, 2020 స్కీమ్ కటాఫ్ తేదీ నాటికి లేఅవుట్‌లో 10 శాతం ప్లాట్లు రిజిస్టరై ఉంటే అమ్ముడుపోని మిగతావాటికీ తలుపు తీశారు. అంటే అనుమతి లేకుండా వెంచర్ వేసి, పదింట ఒకటి అమ్ముకున్న రియల్టర్‌కి కూడా దారి దొరికింది.

పార్కుకి, రోడ్లకి స్థలం వదిలి, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో గజానికి నాలుగైదు వేలు ఎక్కువ పెట్టి కొన్న టీచర్ సంగతేంటి? ఆ వదిలిన స్థలం ఖరీదు ఆయన ముందే కట్టేశాడు. పక్క వెంచర్‌లో ఏమీ కట్టనివాడు పదేళ్ల తర్వాత రాయితీతో కట్టి ఆయన పక్కన నిలబడతాడు. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, ఈ అలవాటు మాత్రం మారలేదు. ఏ పార్టీ అయినా "ఇదే చివరి స్కీమ్" అంటుంది, ఖజానా బోసిపోగానే ఇంకోటి తెస్తుంది. అక్రమాన్ని ఆదాయ మార్గంగా చూసే ప్రభుత్వం కొనేవాళ్లకి జాగ్రత్తలు చెప్తే ఎవరు వింటారు?

ఇప్పుడు నగరానికి అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఫామ్ ప్లాట్ల పేరుతో రెండు గుంటలు, అయిదు గుంటలుగా ముక్కలు చేసి అమ్ముతున్నారు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే నాలా కన్వర్షన్ ఉండదు, లేఅవుట్ అనుమతి ఉండదు, నాలుగు మామిడి మొక్కలు, ఒక ఆర్చి గేటు ఉంటాయి. ఆదివారం కారులో తీసుకెళ్లి భోజనం పెట్టిన ఏజెంట్‌ని అప్రూవల్ ఏదని అడిగి చూడండి. "ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోండి సార్, స్కీమ్ ఎలాగూ వస్తుంది" అంటాడు. మిగతా విషయాల్లో ఎన్ని అబద్ధాలు చెప్పినా, ఈ ఒక్కటీ నిజమే చెప్తున్నాడేమోనని నా భయం.