మహారాజశ్రీ శాతం గారికి, లంక బడి పంతులు విన్నపం

మహారాజశ్రీ శాతం గారి సముఖానికి,

గోదారి పాయల మధ్య ఓ లంక ఊళ్లో ప్రాథమిక పాఠశాల పంతులు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా ఉన్నన్నాళ్లే మేమూ క్షేమం అన్న సంగతి తమరికి తెలియంది కాదండి. తమరికి కాస్త నలతగా ఉందంటే చాలు, చుట్టుపక్కల బళ్ల పంతుళ్లంతా కూడే కాంప్లెక్స్ మీటింగులో నన్ను లేపి నిలబెడతారు.

మా మూడో తరగతిలో పిల్లలు ఏడుగురు. ఏడాది మొదట్లో పెట్టే బేస్‌లైన్ పరీక్ష నాటికి నలుగురు రెండో తరగతి వాచకం గడగడా చదివేవారు. తమరు 57 మీద కులాసాగా ఉన్నారు. మిడ్‌లైన్ వచ్చేసరికి ఒక కుటుంబం రొయ్యల చెరువు కాపలాకి భీమవరం అవతలికి వెళ్లిపోయింది. చదివే నలుగురిలో ఒక పిల్ల వాళ్లతో పోయింది. ఇంకో చదివేవాడికి సరిగ్గా ఆరోజే జ్వరం. కూర్చున్నది ఐదుగురు, చదివింది ఇద్దరు. తమరు 40కి జారిపోయారు.

"ఏంటి మాస్టారూ, ఈ నలభై?" అన్నారు పైనుంచి వచ్చినాయన.

"ఒకడికి జ్వరమండి."

"జ్వరానికి కాలమ్ లేదు కదండీ."

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను?

సంక్రాంతి వెళ్లాక అసలు వింత. మా తరగతిలో కవలలున్నారు, అక్షరాల దగ్గరే ఆగిపోయినవాళ్లు. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది, పెంపకమంతా అమ్మమ్మది. అప్పుడప్పుడే వాళ్లకి గుణింతం పట్టుబడుతోందని నేను మురిసిపోతుంటే, తల్లి డబ్బు పంపింది, అమ్మమ్మ ఇద్దరినీ కాన్వెంటు పసుపు బస్సు ఎక్కించేసింది. తప్పు పట్టను, ఐదు తరగతులకి ఒకే పంతులున్న బడిని ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. జ్వరం పిల్లాడు లేచొచ్చాడు. ఇక మిగిలింది నలుగురు, చదివేది ముగ్గురు. ఎండ్‌లైన్‌లో తమరు ఒక్క గెంతు గెంతి 75 మీద కూర్చున్నారు. నాకు శాలువా కప్పారు. ఏడాది మొత్తం మీద నేను మార్చింది ఏమీ లేదు మహాప్రభో, అదే నల్లబల్ల, అదే గొంతు. పిల్లలు పోయేకొద్దీ ఏపుగా పెరగడం తమరికే చెల్లింది.

ఐదు తరగతులకి ఒక్కడినే ఎందుకంటారా? విద్యాహక్కు చట్టం 2009లోనే రాసిపెట్టింది, అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని. మాకూ ఉన్నారు. రెండో మాస్టారిని సర్దుబాటు మీద వేరే ఊరు పంపారు. జీతం బిల్లులో ఆయన మా బడిలోనే ఉన్నారు. 2022లో జీవో 117 వచ్చి, కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతులు అక్కడికే అన్నప్పుడు మా బడి పాయ అడ్డుండబట్టి బతికింది. 2025లో ఆ జీవోయే పోయింది. మాకు మాస్టారూ రాలేదు, పాయ మీద వంతెనా రాలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గరా తమరే. ఎంతమంది తిన్నారు, ఎన్ని గుడ్లు, మరుగుదొడ్డి ఫోటో, అన్నీ సిగ్నల్ కోసం డాబా ఎక్కి అప్‌లోడ్ చేయాలి. పథకానికి పెట్టింది మా డొక్కా సీతమ్మ గారి పేరు. లంకల గన్నవరంలో ఆ తల్లి వచ్చినవాడికల్లా వండి పెట్టింది గానీ, వడ్డన మధ్యలో ఎవర్నీ డాబా ఎక్కించలేదు.

తమరి జాతినంతటినీ ఆడిపోసుకోవడం లేదండి. పల్లెల్లో పిల్లల చదువు కొలిచే అసర్ సర్వే వాళ్లు బడికి రాకుండా ఇళ్లకే వెళ్తారు. జ్వరంతో అరుగు మీద పడుకున్నవాడినీ, కాన్వెంటు వాడినీ, బడి మానేసినవాడినీ పక్కన కూర్చుని చదివిస్తారు. 2024లో దేశంలో గ్రామాల సర్కారు బళ్లలో మూడో తరగతి పిల్లలు వందకి 23.4 మందే రెండో తరగతి పాఠం చదవగలిగారని తేల్చింది వాళ్లే. ఆ అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది, కానీ దాని మీద కోపం రాదు.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి వరదకీ కొలత ఉంది. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె పెరిగితే మా రేవుకి పడవలొస్తాయి, పాల ప్యాకెట్లొస్తాయి, మా బడే పునరావాస కేంద్రం అవుతుంది. నీళ్లెందుకు పెరగనిచ్చావని లంకవాళ్లకి ఎవరూ మెమో ఇవ్వరు. తమరు 40కి పడిపోయిన రోజున మాకు పడవ రాలేదండి, మెమో వచ్చింది.

అంచేత ఒక్కసారి తమరే దయచేయండి. చీకటి పడితే పడవ నడవదు, పొద్దున్నే బయల్దేరండి. వచ్చేటప్పుడు మా రెండో మాస్టారిని వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
లంక బడి పంతులు

తా.క.: ఈ ఉత్తరం మడతపెడుతుండగా నాలుగోవాడి నాన్న టీసీ కోసం వచ్చాడు. చదవడం రానిది ఇక వాడొక్కడికే. సంతకం పెట్టేశాను. తమరు వంద కొట్టబోతున్నారు, ముందస్తు అభినందనలు.