బండి నంబర్ లేని మనిషి

పట్టణ ప్రణాళిక బోధనలోనూ పరిశోధనలోనూ విశిష్ట ప్రతిభ చూపినవాళ్ళకి అవార్డులిచ్చే సభ ఒకటుంది, రమ్మంటే వెళ్ళా. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అని అడక్కండి, చెప్పను, చెప్తే వచ్చే ఏడాది పిలవరు. ముఖ్య అవార్డు పాదచారుల మీద ఇరవై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న ఒక ప్రొఫెసర్ గారికి. సబ్జెక్ట్ నడక కదా, మర్యాదగా ఉంటుందని నేను కూడా నడిచే వెళ్ళా. అదీ నేను చేసిన తప్పు.

గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు రిజిస్టర్ తెరిచి "బండి నంబర్ చెప్పండి సార్" అన్నాడు.

"బండి లేదు బాబూ, నడిచొచ్చా."

"అదే సార్, ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడా పెట్టలేదయ్యా, అసలు బండే లేదు."

వాడు నా వెనక్కి ఓసారి తొంగి చూశాడు, నిజంగానే లేదు. రిజిస్టర్‌లో నాలుగు గళ్ళు, పేరు, బండి నంబర్, వచ్చిన పని, సంతకం. నంబర్ రాస్తే టోకెన్ వస్తుంది, టోకెన్ ఇస్తేనే తిరిగి బయటికి వదుల్తారు, కాళ్ళకి టోకెన్ ఇచ్చే పద్ధతి వాడికి ఎవరూ నేర్పలేదు. కాసేపు పెన్ను కొరికి, బండి నంబర్ గడిలో "నడక" అని రాసి, "టోకెన్ సంగతి వెళ్ళేటప్పుడు చూద్దాం సార్" అని లోపలికి వదిలాడు. మంచోడు. ఆ రోజు ఆ ప్రాంగణం మొత్తం మీద పాదచారుల గురించి రెండు నిమిషాలు నిజంగా ఆలోచించిన మనిషి వాడొక్కడే.

గేటు నుంచి హాలు దాకా కార్లు తిరిగే దారి ఒకటి వంపు తిరిగి పోతుంది, మధ్యలో పచ్చిక, పచ్చికలో "గడ్డి తొక్కరాదు" అని బోర్డు. సరే, తొక్కం. కార్ల దారిలోనే ఓ పక్కకి ఒదిగి నడుస్తుంటే వెనక నుంచి హారన్, పక్కకి గెంతా, ఇంకా గట్టిగా హారన్, ఇంకా పక్కకి గెంతితే గడ్డి తొక్కినట్టయ్యింది, ఎవరో దూరం నుంచి "సార్ గడ్డీ" అని కేక. కారు మెట్ల ముందు ఆగింది, దిగింది ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆయన్నేం అనను, హారన్ కొట్టింది డ్రైవరు, ఆయన వెనక సీట్లో స్లైడ్లు చూసుకుంటున్నారు. మొదటి స్లైడ్ "నగరం నడిచేవాడిది".

ఇక సభ. ముందు ప్రొఫెసర్ గారి గొప్పతనం చదివారు, అంటే అంకెలు చదివారు. ఇన్ని పేపర్లు, ఇన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఇంత అనగానే హాలంతా చప్పట్లు, పక్కాయన "అబ్బో" అన్నాడు కూడా. ఈ హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన కనిపెట్టాడు, నలభై అని ఉందంటే ఒక్కోటీ కనీసం నలభై సార్లు వేరే పేపర్లలో ఉదహరించిన (అదే సైటేషన్ అంటే) పేపర్లు నలభై ఉన్నాయని అర్థం. ఈ అంకె పెరగడానికి ఊళ్ళో ఒక్క ఫుట్‌పాత్ కూడా పెరగక్కర్లేదు, గమనించండి. ఇంకా చెప్పాలంటే సమస్య పరిష్కారం అయిపోతేనే ఇబ్బంది, రేపటి పేపర్ దేని మీద రాస్తారు?

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక జర్నల్లో పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉదహరించారనే అంకె, అది చూసి మనిషిని తూచొద్దని 2012లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిక్లరేషన్ రాసుకున్నారు, వేలమంది సంతకాలు పెట్టారు. పెట్టి, ఆ పెన్నుతోనే వెళ్ళి నామినేషన్ ఫారం నింపారు. బ్రిటన్‌లో ఇంకో అడుగు ముందుకేసి 2014లో యూనివర్సిటీల పరిశోధనని లెక్కకట్టినప్పుడు బయటి సమాజం మీద పడిన ప్రభావానికి 20 శాతం వెయిటేజీ ఇచ్చారు, 2021కి 25 చేశారు. మంచిదే. దాంతో ఏం జరిగిందంటే ప్రభావం గురించి అందంగా రాసి పెట్టేవాళ్ళకి యూనివర్సిటీల్లో కొత్త ఉద్యోగాలొచ్చాయి. ఆ లెక్కన ప్రభావం ఉన్నట్టే కదా.

అసలు ఈ ఫారం సంగతి చెప్పాలి, సభ కన్నా అదే ఘోరం. "విద్యార్హతలు, డాక్టరేట్ వివరాలు" అనే గడి దగ్గరే ఈ సబ్జెక్టుకి పునాదులేసినవాళ్ళు సగం మంది రాలిపోతారు. గార్డెన్ సిటీ, అంటే చుట్టూ పచ్చని పొలాలతో చిన్న నగరాలు కట్టుకోవాలనే ఆలోచన 1898లో లోకానికి చెప్పిన ఎబెనెజర్ హోవర్డ్ ఏం చేసేవాడు? పార్లమెంటు ప్రసంగాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవాడు. న్యూయార్క్‌లో ఇళ్ళ మీద నుంచి ఎక్స్‌ప్రెస్‌వే పోకుండా అడ్డుపడిన జేన్ జాకబ్స్‌కి డిగ్రీయే లేదు. వాళ్ళిద్దరూ సిలబస్‌లో ఉండొచ్చు, పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా రావొచ్చు, అవార్డుకి మాత్రం అప్లికేషన్ అప్‌లోడ్ అవదు.

(అవార్డులంటే గుర్తొచ్చింది, అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అని 33 బిల్డింగుల హౌసింగ్ కాలనీ కట్టి 1972లో పేల్చేయడం మొదలుపెట్టారు కదా, దానికి పెద్ద ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చిందని క్లాసుల్లో ఇప్పటికీ చెప్తుంటారు. రాలేదు. ఏ అవార్డూ రాలేదు. ఒకరు రాశారు, ఇంకొకరు ఆయన్ని ఉదహరించారు, మూడో ఆయన ఇద్దర్నీ ఉదహరించాడు, అలా హెచ్-ఇండెక్సులు పెరిగాయి.)

బోధన విభాగానికి వేరే ఫారం. నాకు తెలిసిన ఒక మేడమ్ గారున్నారు, ప్లానింగ్ చెప్తారు, పేరు రాస్తే ఆవిడకే ఇబ్బంది. సెమిస్టర్ మొదటి రోజు క్లాసులో కూర్చోనివ్వరు, పిల్లల చేతికి టేపు, స్టాప్‌వాచ్ ఇచ్చి జంక్షన్‌లో నిలబెడతారు, ఎండలో మూడు గంటలు. ఒక ఏడాది బ్యాచ్ కొలిచింది ఏంటంటే, రోడ్డు వెడల్పు 14 మీటర్లు, నడిచేవాళ్ళకి పచ్చ లైటు 12 సెకన్లు. ఎందుకు పన్నెండు అంటే మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని పుస్తకం లెక్క, భాగిస్తే పన్నెండు కంటే కాస్త తక్కువే వస్తుంది, అంతా కరెక్టే. కానీ ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ళని కొలిచి చూస్తే మగవాళ్ళ సగటు 0.9, ఆడవాళ్ళది 0.8 అని 2012లో తేలింది. అమెరికావాళ్ళైతే 2009లోనే సిగ్నళ్ళ లెక్కకి ఆ 1.2ని కాస్త తగ్గించారు. మన పుస్తకంలో మనిషి మాత్రం ఇంకా పాతికేళ్ళ కుర్రాడే, మోకాళ్ళ నొప్పుల్లేవు, చంకలో పిల్ల లేదు.

0.8 చొప్పున పన్నెండు సెకన్లలో ఒక పెద్దావిడ 9.6 మీటర్లు దాటుతుంది. మిగిలిన 4.4 మీటర్లు? లైటు మారిపోయింది, బండ్లు కదిలాయి, ఆవిడ రోడ్డు మధ్యలో చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. పిల్లలు ఈ బొమ్మ గీశారు, ఒక పేజీ, అంతే, నివేదిక కూడా కాదు. ఆ పేజీ పట్టుకుని సిగ్నళ్ళు చూసే ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగారు, సంబంధం లేని వాళ్ళ చేత తిట్లు తిన్నారు, చివరికి ఒక ఇంజనీరు విసుగొచ్చో జాలేసో పన్నెండుని పద్దెనిమిది చేశాడు.

ఆరు సెకన్లు.

పిల్లలు సంబరంతో మేడమ్ గారికి చెప్పకుండా ఆవిడని బోధన అవార్డుకి నామినేట్ చేశారు. జవాబు వచ్చింది, "ప్రభావానికి పీర్ రివ్యూ చేసిన ఆధారం జతపరచలేదు. పాలసీ డాక్యుమెంట్ లింక్ లేదు. డీఓఐ లేదు." పీర్ రివ్యూ అంటే తోటి పరిశోధకులు సరిచూడడం, డీఓఐ అంటే పేపర్లకి అంటించే గుర్తింపు నంబరు. డీఓఐ ఏంట్రా? ఆ జంక్షన్‌కి పోయి నిలబడండి, మీ జ్యూరీ ఐదుగురూ పోయి నిలబడండి, రోజూ ఆ ఆరు సెకన్లలో దాటుతున్న ముసలివాళ్ళని చూడండి, వాళ్ళ చీరలకి, చేతికర్రలకి డీఓఐ అంటించమంటారా? ఒక మనిషి బండి కింద పడకుండా ఇంటికెళ్ళడం మీ గడిలో పట్టకపోతే తప్పు ఆ మనిషిదా, ఆ గడిదా? రిటెల్, వెబర్ అని ఇద్దరు 1973లోనే రాశారు, ప్లానర్‌కి పొరపాటు చేసే హక్కు లేదు అని, ఎందుకంటే సైంటిస్టు ఊహ తప్పయితే ఇంకో ప్రయోగం, ప్లానర్ లెక్క తప్పయితే బతికున్న మనుషులు అనుభవించాలి. ఆ పేపర్‌కి ఎన్ని సైటేషన్లో లెక్కలేదు. ఆ ఒక్క ముక్కా చదివినవాడైతే ఫారంలో "మీ వల్ల ఎవరికి మేలు జరిగింది, వాళ్ళనే అడుగుతాం, ఫోన్ నంబర్ ఇవ్వండి" అని ఒక గడి పెట్టేవాడు. పెట్టరు. ఎందుకంటే ఎవరి నంబరూ ఇవ్వలేరు.

సరే, బీపీ తగ్గించుకుంటా.

ప్రొఫెసర్ గారు ప్రసంగించారు, ప్రజల భాగస్వామ్యం గురించి, బాగానే మాట్లాడారు, అబద్ధమెందుకు. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో చెప్పిన నిచ్చెన చూపించారు, ఎనిమిది మెట్లు, అడుగున జనాన్ని ఏమార్చడం, పైన జనం చేతికే అధికారం. మూడో మెట్టు "సమాచారం ఇవ్వడం", అంటే మేం చెప్తాం మీరు వినండి, ఇది ఉత్తుత్తి భాగస్వామ్యం కిందికొస్తుందని ఆయనే వివరించారు. అది అవ్వగానే యాంకరమ్మాయి మైకందుకుని, సమయాభావం వల్ల ప్రశ్నలకి అవకాశం లేదు, దయచేసి సహకరించండి అంది. మూడో మెట్టు మీద కూర్చుని మూడు వందల మందిమి చప్పట్లు కొట్టాం.

జ్ఞాపిక ఇచ్చారు, గాజుతో చేసిన నగరం, ఏడెనిమిది టవర్లు ఒకదాన్నొకటి ఆనుకుని. ఎంత వెతికినా వాటి మధ్య వీధి కనపళ్ళేదు.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర ఆ కుర్రాడే. "టోకెన్ సార్?" అన్నాడు, అని వాడే నాలిక్కరుచుకున్నాడు. సూపర్‌వైజర్ పక్కనే ఉన్నాడట, టోకెన్ లేకుండా వదిలితే లెక్క తేడా వస్తుందట. చెవి దగ్గరికొచ్చి "ఎవరిదైనా కారెక్కి రండి సార్, కారుకి టోకెన్ ఉంటే లోపల ఎంతమందున్నా అడగం" అన్నాడు. మళ్ళీ వెనక్కి నడుస్తుంటే హారన్. ఈసారి గెంతలేదు, ఓపిక లేదు. అద్దం దిగింది.

"ఎక్కండి ఎక్కండి, ఎక్కడిదాకా?" ప్రొఫెసర్ గారు.

"గేటు దాకా అండీ."

జోకనుకుని నవ్వారు. సీటు మీద బొకేలుంటే ఆ గాజు నగరాన్ని నా ఒళ్ళో పెట్టారు, పొట్టలో టవర్లు గుచ్చుకుంటున్నాయి. డ్రైవరు టోకెన్ ఇచ్చాడు, గేటు లేచింది, దాటగానే దిగిపోయా, ఆయన వింతగా చూశారు. సెక్యూరిటీ కుర్రాడు రిజిస్టర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, నా పేరు పక్కన "నడక" అని ఉన్నది కొట్టేసి, వెళ్ళిపోతున్న కారు నంబర్ చూసి అక్కడ వేసుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది సార్" అన్నాడు.